బల్ల మీద పెట్టిన బిల్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, గల్ఫ్ నగరంలోని షర్క్ పేటలో, ఒక వకీలు ఆఫీసులో నేను సీనియర్ అనువాదకుణ్ణి. ఇంగ్లీషు కాగితాన్ని అరబిక్‌లోకి మార్చి, ముద్ర వేసి సంతకం చేయడం నా పని. ముద్ర పడ్డాక తప్పు ఎవరిదన్న ప్రశ్న రాదు, నాదే.

మా వకీలుగారిని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన ఒక పాత అమెరికన్ జీవితచరిత్ర నా ముందుంచారు. ఆ దేశం కొత్తగా ఏర్పడిన రోజుల నాటి మనిషి. ఒక ప్లీడరు దగ్గర దస్తావేజులకు నకళ్లు రాస్తూ లా నేర్చుకుని, తానూ ప్లీడరై, శాసనసభకు వెళ్లాడు. ఇల్లు వదిలిపోయిన పనివాళ్లను శిక్షించేముందు వాళ్ల మాట వినాలన్న బిల్లును ఆయన 'టేబుల్' చేశాడని అందులో ఉంది. మా కక్షిదారు ఓబులమ్మ అభ్యంతర పత్రం ఈ కథతోనే మొదలవ్వాలన్నారు ఉస్తాద్. రాయచోటి నుంచి ఇంటిపనికి వచ్చిన ఓబులమ్మ మీద ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చి రప్పించిన యజమాని, పరారీ కేసు పెట్టాడు. అది రద్దు కాకపోతే ఆమెకు ఇక్కడ పని ఖలాస్.

రెండు రోజులు చాలని తెలిసీ మూడడిగి, రెండుకు దిగాను. కిరాణా కొట్టులో పెరిగిన బుద్ధి. బేరం కుదిరిన హుషారులో 'బిల్లు ప్రవేశపెట్టాడు' అని రాసేశాను. మన శాసనసభల్లో టేబుల్ చేయడమంటే అదే కదా.

నాలుగో పేజీలో తల తిరిగింది. ఆయనవల్లే ఆ బిల్లు ఏళ్లతరబడి చర్చకు రాలేదట. పెట్టినవాడే ఎలా ఆపాడు? ఒకే పేరుతో ఇద్దరున్నారా? రెండు పుస్తకాలు కలిపి కుట్టారేమోనని పేజీల అంకెలు కూడా చూశాను.

అంతలో వాంగ్మూలం చెప్పడానికి ఓబులమ్మ వచ్చింది. వేరే ఇంటికి మారతానని మామాకు, అంటే యజమానురాలికి, కాగితం రాసిచ్చానంది. ఆవిడ తీసుకుందా అని అడిగాను.

"తీసుకునింది సారూ. బల్ల మింద పెట్టింది."

"అయితే చూసినట్టేగా అమ్మా?"

"బల్ల మింద పెడితే సూసినట్టా? ఆర్నెల్లు ఆడ్నే ఉన్నింది. దాని మిందనే గావా కప్పులు పెడ్తాండిరి."

ఫోన్‌లో ఫోటో చూపించింది. కాగితం నిండా కాఫీ వలయాలు.

నేను లేచి పెద్ద నిఘంటువు తీశాను. అమెరికాలో బిల్లును టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడం. సరిగ్గా తలకిందులు.

ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇన్నేళ్లలో ఆ మాటను ఇంకెన్నిచోట్ల అలా రాశావని మాత్రం అడిగారు.

పత్రంలో అమెరికన్ కథను కొట్టేసి, ఓబులమ్మ ముందే చెప్పిందనడానికి రుజువుగా ఆ చోట ఫోటో పెట్టారు. కేసు రద్దయింది, ఓబులమ్మ ఫింటాస్‌లో మరో ఇంట్లో చేరింది. ఆ పెద్దమనిషి బిల్లును చంపడానికి పక్కన పెట్టాడో, మంచి సమయం కోసం దాచాడో పుస్తకం చెప్పలేదు.

తెలియని మాటను ఎలాగూ నిఘంటువులో చూస్తాం. నేను చూడనిది తెలిసిన మాట. రిటైరయ్యే దాకా మిగిలిన రెండేళ్లూ తెలిసిన మాటలనే ముందు నిఘంటువులో చూశాను.