వెలుగు తగ్గిన రెండు ఫ్లాస్కులు

కోల్‌కతాలో నేను పరిశోధన చేసిన రోజుల్లో గోడల మీద ఎర్రరంగు నినాదాలు ఇంకా ఉండేవి. వేసవిలో కరెంటు పోతూనే ఉండేది. మా ల్యాబులో ఫ్లాస్కుల్లో పెంచే ఒక బ్యాక్టీరియా నీలం దీపం ముందు పెడితే ఆకుపచ్చగా వెలిగేది. ఆ వెలుగునిచ్చే ప్రోటీన్ తయారు కావాలంటే ముందు జన్యువు నుంచి ఒక సందేశం వెలువడాలి. నేను రూపొందించిన చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక ఆ సందేశం మొదట్లో అతుక్కుంటే దాన్ని చదవడం కుదరదు. జన్యువు చెక్కుచెదరదు, మాట మాత్రం పెగలదు. ఈ ఊహే నన్ను పొద్దున్నే ల్యాబుకు లాక్కెళ్లేది.

ఫ్లాస్కులు కడిగే అక్కది శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం. రోజూ నది అవతలి షాలిమార్ నుంచి వచ్చేది. ప్రతి ఫ్లాస్కునూ ఏడుసార్లు తొలిచి, కిటికీ వెలుతురులో పట్టి చూస్తేగాని బోర్లించేది కాదు.

ఒక మధ్యాహ్నం తునక ఉన్న ఫ్లాస్కులో వెలుగు సగానికి పడిపోయింది. తునక లేని ఫ్లాస్కును రెండు రోజుల ముందే కొలిచాను కనుక, ఆ అంకెతోనే పోల్చుకుని పొంగిపోయాను. అక్క రెండింటినీ కడగడానికి తీసుకోబోతూ ఆగి, నీలం దీపం ముందు పట్టింది. ఆ వెలుగు చూడటం ఆవిడకూ ఇష్టం.

“బాబూ, మీ తునక ఎయ్యని సీసా కూడా ఎలవెలబోనాదేటి? పొద్దున్న కరెంటు పోయి ఊపే మిషను ఆగిపోనాది కదా. ఇదీ మా ఇంటాయన్లాగే ఉన్నాది, కుదిపితేగాని పని సెయ్యదు.”

నవ్వేసి ఊరుకున్నాను. జనరేటరు ఫ్రీజర్లకే తప్ప ఫ్లాస్కులను ఊపే షేకరుకు లేదని నాకూ తెలుసు. అయినా మర్నాడే ప్రొఫెసరుకు ఫలితం చూపించాను. ఆయన మళ్లీ చేయమన్నారు. మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వచ్చింది. ఎందుకని అడిగితే, ఫ్లాస్కుల్లో సబ్బు మిగిలిపోతోందేమో అన్నాను. వారం తిరక్కుండా అక్కను మెట్లు తుడిచే పనికి మార్చారు.

తర్వాత నేనే కావాలని షేకరు ఆపి చూశాను. రెండు ఫ్లాస్కులూ మసకబారాయి. ఆ ప్రోటీన్ వెలగడానికి ఆక్సిజన్ కావాలి. కుదపకపోతే ద్రవంలోకి గాలి చాలినంత అందదు. తునక చేసిందేమీ లేదు. దాన్ని సందేశంతో మరికొన్ని అక్షరాలు జతపడేలా పొడిగించాను. ఈసారి షేకరు తిరుగుతుండగానే, తునక ఉన్న ఫ్లాస్కులో మాత్రమే వెలుగు తగ్గింది. ఆ వింతలో పడి అక్క సంగతి మరిచానని చెప్పుకోవచ్చు. కాని మరవలేదు.

మెట్ల మీద అక్కను ఆపి, తను అన్నదే నిజమని చెప్పాను.

“పెద్దసారుకి సెప్పినారా?”

లేదన్నాను.

“మరి నాకెందుకు సెప్తన్నారు? నాకు తెలిసిందే కదా,” అని చీపురుతో కింది మెట్టుకు దిగింది.

పోయిన నెల ఆ ప్రొఫెసరుకు ఉత్తరం రాశాను. ఇక్కడా రాస్తున్నాను. ఆ ఫ్లాస్కుల్లో సబ్బు లేదు.