దోసెపెనం దగ్గర పట్టుచీర

2023 శీతాకాలం మొదలవుతున్న రోజులు. కువైట్‌లో ఎండ తగ్గి, జనం ఆరుబయట డేరాలు వేసుకునే కాలం. పెళ్లిళ్లూ విందులూ అన్నీ అప్పుడే. నేను ఫర్వానియాలో ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. కింద మొబైల్ షాపు, పైన మా రెండు గదులు. మాది అమలాపురం దగ్గర పల్లె. బీకాం చదివి, పెళ్లయ్యాక మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాను. గరాజులు, టైలరింగ్ షాపులు, టిఫిన్ సెంటర్లు, ఇలాంటి చిన్న వ్యాపారాల పద్దులు చూడటం నా పని.

ఊరికి ఫోన్ చేస్తే మా పిన్ని ఎప్పుడూ ఒకటే అడుగుతుంది. "అక్కడ ఇన్‌కమ్ ట్యాక్సే లేదంటారుగా, మరి నువ్వు రాసేదేంటే?" నిజమే, మనిషి సంపాదన మీద ఇక్కడ పన్ను లేదు. కానీ ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టాక లాభం పంచుకోవాలి కదా. పని కోసం పెట్టిన ఖర్చును బిజినెస్ ఎక్స్‌పెన్స్ అంటాం. అది రాబడిలోంచి తీసేశాకే లాభం తేలుతుంది, అంటే ఆ ఖర్చు ఇద్దరూ భరించినట్టు. భాగస్వామి సొంతానికి వాడుకున్నది డ్రాయింగ్స్. అది ఆ ఒక్కరి వాటాలోంచే పోతుంది. ఒక బిల్లు ఏ వైపు పడిందన్నదాన్ని బట్టి స్నేహాలు నిలుస్తాయి, చెడతాయి. అందులోనూ పేచీ ఎక్కువగా వచ్చేది బట్టల దగ్గరే.

నాగలక్ష్మిది రాజంపేట వైపు. చాలా ఏళ్లు రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషిగా చేసింది. ఆ ఇంటి యజమానురాలిని అందరూ ఉమ్ యూసుఫ్ అంటారు, యూసుఫ్ తల్లి అని అర్థం. నాగలక్ష్మికి మాత్రం ఆమె మామా, ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఓసారి మామా ఇంటికి వచ్చిన చుట్టాలు నాగలక్ష్మి వేసిన ఎర్రకారం దోసె తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకోటి అడిగారట. వ్యాపారం అక్కడ పుట్టింది. లైసెన్సు మామా పేరు మీద, వంట నాగలక్ష్మిది, లాభం చెరిసగం అని కాగితం రాసుకున్నారు. షువైఖ్‌లో ఒక వంటశాల అద్దెకు తీసుకున్నారు. విందు ఎక్కడుంటే అక్కడికి పెనం, పొయ్యి తీసుకెళ్లి, అతిథుల ఎదుటే దోసెలు పోసివ్వడం వాళ్ల ప్రత్యేకత. పెద్దవాళ్లకు కారం దోసె, పిల్లలకు చీజ్ దోసె, ముసలివాళ్లకు ఖర్జూరపు పాకం పోసిన దోసె.

ఆ ఏడాది పద్దులు సిద్ధం చేస్తుంటే ఉమ్ యూసుఫ్ కొడుకు ఫోన్ చేశాడు. అతను బ్యాంకులో పనిచేస్తాడు. మర్యాదస్తుడే, కానీ తల్లి డబ్బు విషయంలో జాగ్రత్త ఎక్కువ. "ఖర్చుల్లో పట్టుచీరలు ఉన్నాయి. ఆవిడ చీరలకు మా అమ్మ ఎందుకు డబ్బు కట్టాలి? ఇలాగైతే ఈ వ్యాపారం ఆపేయమని చెబుతాను" అన్నాడు.

అతని మాటలో తప్పు లేదు. మా పనిలో మామూలు సూత్రం అదే. పని కోసం మాత్రమే వేసుకునే యూనిఫాం, ఏప్రాన్, జారని బూట్లు ఖర్చులోకి వస్తాయి. బయటికి ఎక్కడికైనా వేసుకెళ్లగల మామూలు బట్టలు రావు, వాటిని పనిలో వేసుకున్నా సరే. నేను చీరల బిల్లులు పక్కన పెట్టి, ఫోన్లో సంగతి చెప్పి నాగలక్ష్మిని పిలిపించాను.

ఆమె వచ్చి కూర్చోకుండానే అడిగింది. "ఏం మేడం, నా చీరల బిల్లు తీసేచ్చాండావంట?"

"కూర్చో అక్కా. చీరంటే గుడికీ కట్టుకెళ్లొచ్చు, పేరంటానికీ కట్టుకెళ్లొచ్చు. అది నీ సొంతం కిందకే వస్తుంది. ఏప్రాన్లు, బూట్లు, గ్లవ్స్ అన్నీ రాశాను చూడు."

"లెక్క పోతే పోనీలే మేడం." కడప వైపు లెక్క అంటే డబ్బే. "అన్నేండ్లు ఆ ఇంట్లో చేసినా. ఒక చెంచా పోయిందనే మాట కూడా పడలా. ఇప్పుడు మామా సొమ్ముతో చీరలు కట్టుకున్యా అనే మాట పడాల్నా? నాకీ యాపారమే వద్దు, ఖలాస్. మళ్లా ఏదన్నా ఇంట్లో వంటకు చేరిపోతా."

కళ్లు తుడుచుకుని లేచింది. నాకు మనసొప్పలేదు. "ఈ వారం ఎక్కడైనా విందు ఉందా అక్కా? నేనూ వస్తాను" అన్నాను. క్లయింట్ పని చేసేచోటికి వెళ్లి చూడటాన్ని మా భాషలో సైట్ విజిట్ అంటారు. గరాజులకు, గోడౌన్లకు వెళ్లాను కానీ దోసెపెనం దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి.

ఒక ఇంట్లో పెళ్లికూతురికి గోరింటాకు పెట్టే వేడుక. అందరూ ఆడవాళ్లే. సాయంత్రం వ్యాన్‌లోంచి సామాను దింపేటప్పుడు నాగలక్ష్మి పాత చుడీదార్‌లో ఉంది. పొయ్యి బిగించి, పిండి కలిపి, చట్నీలు సర్దాక ఒక సంచీ తీసుకుని లోపలికి వెళ్లింది. బయటికొచ్చేసరికి మెరూన్ రంగు పట్టుచీర, మోచేతిదాకా గాజులు, జడలో పూలు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న అమ్మాయిలు చుట్టూ మూగారు. ఆమె గరిటె గుండ్రంగా తిప్పుతుంటే వీడియోలు తీశారు. "చీర కట్టుకునే ఆవిడే రావాలని చెప్పి మరీ పిలిచాం" అని ఆ ఇంటావిడ నాతో అంది.

దగ్గరికెళ్లి చూస్తే చీర సంగతి వేరే. కుచ్చిళ్ల మీద నూనె మరకలు, కారం చుక్కలు. పైట ఒకసారి పొయ్యి మంటకు జానెడు దూరంలో ఊగింది. నేను ఒక అడుగు ముందుకేశాను. ఆమె మాత్రం చూడకుండానే పైట లాగి బొడ్లో దోపుకుని, "యల్లా, యల్లా, రాండి, చీజ్ ఎవురికి?" అంది. వేడుక అయిపోగానే చీర విప్పి సంచీలో పెట్టుకుని, చుడీదార్‌తో వ్యాన్ ఎక్కింది. మిగతా చీరలు కూడా షువైఖ్ వంటశాలలో ఏప్రాన్ల పక్కన తగిలించి ఉంటాయని దారిలో చెప్పింది.

"మరి ఇంటికి తీసుకెళ్లవా అక్కా?"

"రూములో ఐదుమందిమి ఉంటాం మేడం. నూనె కంపు కొట్టే చీర యాడ పెట్టుకోవాల? ఇది కట్టుకోని గుడికి పోతే అయ్యవారు ప్రసాదానికి బదులు చట్నీ అడుగుతాడు."

మర్నాడే భాగస్వాములిద్దరినీ ఆఫీసుకు రమ్మన్నాను. ఉమ్ యూసుఫ్ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. కొడుకు ఏదో అనబోతుంటే ఆవిడ చేత్తో ఆపారు.

"చీర కట్టుకోమన్నది నేనే. మొదటి విందుకు తెల్లకోటు వేసుకొచ్చింది. సూది వేయడానికి వచ్చిందనుకుని పిల్లలు పారిపోయారు. ఈ సంగతి నన్నడిగితే చెప్పేదాన్నిగా, యూసుఫ్?"

యూసుఫ్ ముఖం ఎర్రబడింది. "నాకు తెలియదమ్మా" అన్నాడు. తర్వాత నాగలక్ష్మి వైపు తిరిగి అరబ్బీలో క్షమించమన్నాడు. ఆమె, "మాఫీ ముష్కిలా, బాబా" అంది, ఏం ఫర్వాలేదని అర్థం. చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఉమ్ యూసుఫ్ తన సంచీలోంచి బిల్లులు తీసి నా బల్ల మీద పెట్టారు. బయటికెళ్లేటప్పుడు పైన వేసుకునే నల్ల అబాయాలు రెండు, జుట్టు సెట్ చేయించిన ఖర్చు, ఒక ఖరీదైన అత్తరు. "లక్ష్మి చీరలు రాస్తే ఇవీ రాయి. ఆర్డర్ల కోసం ఇంటింటికీ తిరిగేది నేనే."

లైసెన్సు ఆవిడది. మాకు ఫీజు కట్టేదీ ఆవిడే. మా యజమాని పక్కగదిలోంచి చెవులు రిక్కించి వింటున్నట్టు నాకు అనిపిస్తూనే ఉంది. అయినా చెప్పాను. "మామా, ఇవి రాయలేనండీ. ఈ అబాయా వేసుకుని మీరు మీ చెల్లెలింటికి కూడా వెళ్తారు. అత్తరు పెళ్లికీ పూసుకుంటారు. లక్ష్మి చీర పెనం దగ్గర తప్ప ఎక్కడికీ వెళ్లదు. అదొక్కటే తేడా."

ముందు నాగలక్ష్మే అందుకుంది, నా మీదికే. "అదేంది మేడం అట్లంటాండావు! మామా అత్తరు పూసుకోకుండా పాత అబాయాతో పోతే ఆర్డరు ఎవురిచ్చారు? రాయి, రాయి. కావాలంటే నా చీరలే తీసెయ్."

ఆ తెలుగు ఉమ్ యూసుఫ్‌కి కొంత అర్థమైనట్టుంది. "లేదు, దాని చీరలు తీయొద్దు" అన్నారు. "అయితే మామావి రాయాల" అంది ఈమె. నిమిషం కిందట వ్యాపారం విడగొట్టుకుంటారేమో అని నేను భయపడ్డ ఇద్దరూ ఒకరి ఖర్చు కోసం ఒకరు నాతో పోట్లాడుతున్నారు. ముందు యూసుఫ్ నవ్వాడు. తర్వాత నేనూ ఆగలేకపోయాను. చివరికి ఉమ్ యూసుఫ్ బిల్లులు వెనక్కి తీసుకుని, "వల్లా, దేవుడి మీద ఒట్టు, చెల్లెలింటికి వెళ్లిన మాట నిజమే" అని ఒప్పుకున్నారు. ఆ ఊపులో నాగలక్ష్మి ఫోన్ బిల్లు సంగతి కూడా బయటపెట్టింది. అందులో సగం రాజంపేటలో ఉన్న కూతురితో మాట్లాడిందేనట. ఆ సగం ఆమె డ్రాయింగ్స్‌లోకి మార్చాం.

చీరల గురించి ఒక కాగితం రాసుకున్నాం. పాతవి ఖర్చు కిందే ఉంటాయి. ఇకమీద పట్టు వద్దు, మంట దగ్గర ప్రమాదం. జరీ అంచున్న నూలుచీరలు కొనాలి, అంచు మీద వ్యాపారం పేరు కుట్టించాలి, పైట పిన్నుతో బిగించి ముందు ఏప్రాన్ కట్టాలి. పేరు కుట్టాక అది చీరే అయినా యూనిఫామే. ఎవరూ వేలెత్తి చూపలేరు.

వాళ్ల వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది. ఆ తర్వాతి సీజన్‌లో ఉమ్ యూసుఫ్ ఒకరోజు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా కుడిచేయి చాచి నా ముఖం ముందు పెట్టారు. నల్ల అబాయా చేతి అంచు మీద బంగారు దారంతో వ్యాపారం పేరు, దాని పక్కన చిన్న దోసె బొమ్మ.

"ఇది వేసుకుని మా చెల్లెలింటికి వెళ్తానా? వెళ్తే బతకనిస్తుందా? ఇప్పుడు రాస్తావా, రాయవా?"

రాశాను.

కాలేజీలో నాకు ఖర్చుల జాబితా నేర్పారు, ఏది వస్తుందో ఏది రాదో. ఆ సూత్రం తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ ఈ కేసు తర్వాత బిల్లుల సంచీ ముందే విప్పడం మానేశాను. కొత్తగా ఎవరొచ్చినా ముందు టీ ఇచ్చి, "పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ పని ఎలా సాగుతుందో చెప్పండి" అంటాను. చాలామందికి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. తాము చేసే పని గురించి వాళ్లను అడిగినవాళ్లు తక్కువ. మొదలుపెట్టాక మాత్రం ఆపరు. అది విన్నాక బిల్లులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. విడిపోని ఒకటి రెండింటి కోసం పోట్లాడతాం. అత్తరు సీసా మీద పేరు ఎలా వేయించాలా అని ఉమ్ యూసుఫ్ ఈమధ్య ఆరా తీస్తున్నారని నాగలక్ష్మి చెప్పింది.