కఫీల్ లేని ప్రయాణం

కోరుట్లలో బీడీలు చుట్టే రాజమణికి ఆ రోజు ఒక్క కట్ట కూడా సరిగ్గా రాలేదు. ఎలా వస్తుంది? పొద్దున్నే శ్రీలంక నుంచి కుసుమ ఫోన్ చేసి, కూతురి పెళ్లికి రమ్మంది. ఒకప్పుడు కువైట్‌లో ఇద్దరూ ఒకే ఇంట్లో పనిచేశారు. రాజమణి టైఫాయిడ్‌తో పడిపోతే, ఇద్దరి పనీ ఒక్కతే చేసి, గంజి తాగించి బతికించింది కుసుమే. అలాంటి మనిషి ఇంట్లో పెళ్లికి పోకుండా ఎలా ఉంటుంది?

పోనిస్తారా అన్నదే భయం. తమ్ముడు బాలకిషన్ దుబాయి చూసొచ్చినవాడు. ఇక అన్నీ ఆయనకే తెలుసు.

"అక్కా, నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, పది సదువనోళ్లది. గది పట్టుకొని కంపెనీ కాయితం లేకుంట పోతే ఏర్‌పోర్టులనే ఆపుతరు. అయినా నీ కఫీల్ ఎవలు?"

కఫీల్ అంటే పనికి పిలిపించుకునే యజమాని. ఆ యజమాని పేరు లేకుండా పరాయి దేశంలో కాలు పెట్టొచ్చంటే ఆ వాడలో ఎవరూ నమ్మరు. రాజమణీ నమ్మలేదు. కుసుమకు ఫోన్ చేసి, తనను పనిమనిషిగా రాసి వీసా పంపమని బతిమాలింది. అవతల కుసుమ పగలబడి నవ్వింది. రాజమణికి ఒళ్లు మండింది.

ఆ కోపంతోనే బస్టాండ్ దగ్గర వినోద్ నడిపే ఆన్‌లైన్ సెంటరుకు పోయింది.

"పనికి గాదు గదా, పెద్దమ్మా?" అనడిగాడు వినోద్.

"పెండ్లికే, నీ తోడు!"

"అయితే ఆన్‌లైన్ల ఈటీఏ, అంటే శ్రీలంకోళ్లు ముందుగాల్ల ఇచ్చే అనుమతి, తీసుకుంటే సాలు. మన ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్లకు ఇస్తరు. ఆడ దిగినంక ఇంకో ఆర్నెల్లన్న నీ పాస్‌పోర్టు నడువాలె, తిరుగు టికెట్ ఉండాలె. ఈసీఆర్ అడ్డం పనికి పోయేటోళ్లకే."

"సదువు?"

"అడుగరు."

"కఫీల్?"

"ఎవ్వలు లేరు. నీ పేరు మీదనే పోతవ్."

మర్నాడు అనుమతి వచ్చేసింది! "నా పేరు ఏడున్నదో సూపియ్యి బిడ్డా" అని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుని మురిసిపోయింది రాజమణి. ఆ కాగితం పట్టుకుని వాడంతా తిరిగింది. బాలకిషన్ అయితే, "నేను ముందే అనుకున్న" అన్నాడు. సిగ్గు లేకపోతే సరి!

కొలంబోలో ఆఫీసరు ముద్ర వేసి పొమ్మన్నాడు. బయట కుసుమ కనబడగానే ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. కళ్లు తుడుచుకున్నాక రాజమణి తన పాస్‌పోర్టు తీసి కుసుమ చేతిలో పెట్టింది. కువైట్‌లో దిగిన రోజే యజమాని వాళ్లిద్దరి పాస్‌పోర్టులూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిలిచిన వాళ్లకు ఇవ్వాలనే ఆమెకు తెలుసు.

ఈసారి కుసుమ నవ్వలేదు. రాజమణి భుజాన ఉన్న సంచి తెరిచి, పాస్‌పోర్టు లోపల పెట్టి, జిప్పు లాగింది.

"నువ్వు పనికి రాలేదే," అంది ఇద్దరికీ వచ్చిన అరబ్బీలో, "నా బిడ్డ పెళ్లికి వచ్చావు."

పెళ్లిలో అందరితో కలిసి ఆడిపాడుతున్నప్పుడు కూడా రాజమణి ఆ సంచిని భుజం మీంచి దించలేదు.