తంగవేలు తూచిన వాన

తంగవేలు అన్న మా బజారులో పెద్ద మనిషేమీ కాదు. తక్కెళ్లు బాగుచేసేవాడు. తమిళనాడు ధర్మపురిలో నా చింతపండు కొట్టుకు ఎదురుగా, రేకుల కప్పు కింద ఇరుకు గదిలో నలభై ఏళ్లుగా అదే పని. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుకు అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పక్కనున్న వెంకటేశ్వరస్వామి పటం దానికన్నా చిన్నది. ఒకసారి ఆ మాట ఎత్తి ఎగతాళి చేశాను.

"సామి తప్పు చేసినాడని ఎవరూ అనరు వాసూ. నన్ను అంటారు" అన్నాడు.

ఏటా సర్కారు ముద్ర వేయించుకునే కాలం వస్తే బజారులోని తక్కెళ్లన్నీ ఆయన బల్ల మీదికే చేరేవి. సొంత రాళ్లు పెట్టి మూడుసార్లు చూసేవాడు. అప్పుడుగానీ కాగితం మీద సంతకం పెట్టడు. "ముందు సంతకం పెట్టన్నా, సాయంత్రం తక్కెడ పంపిస్తా" అన్న బియ్యం వ్యాపారిని అతను తెప్పించిన కాఫీతో సహా వెనక్కి పంపాడు. మేమంతా నవ్వుకున్నాం. కానీ తూకం దగ్గర గొడవ వస్తే మేమే "తంగవేలు చూసినాడా, లేదా?" అని అడిగేవాళ్లం. చూశాడంటే గొడవ అక్కడితో సరి.

ఆయన కూతురు దర్శిని. చిన్నప్పుడే తల్లి పోతే ఆ బల్ల పక్కనే పెరిగింది. సేలంలో ఇంజనీరింగ్ చదివింది. మేనత్త కొడుకు యువనేశ్‌ని చేసుకుంది. వాడిదీ అదే చదువు. ఇద్దరూ బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని కంపెనీ పెట్టారు. ఆకాశానికీ వాతావరణానికీ పనికొచ్చే పరికరాలు చేసే చిన్న కంపెనీలకు కేంద్ర ప్రభుత్వం పరిశోధన గ్రాంటు ఇస్తుందట. వాళ్లు వానను తూచే యంత్రం చేస్తామని రాసి పంపారు. మొదటి విడత వచ్చింది.

యువనేశ్ మామకు విడమరచి చెప్పాడు. ఉపగ్రహం పైనుంచి మబ్బును చూసి ఫలానాచోట ఇంత వాన పడిందని లెక్క కడుతుంది. ఆ లెక్క ఒప్పో తప్పో తేల్చాలంటే నేల మీద పడిన నీళ్లను సరిగ్గా తూచేది ఒకటి ఉండాలి.

"అంటే పైనుండే తక్కెడకు మనం కింద రాయి పెట్టి చూడాల. అంతేగా?" అన్నాడు అన్న. నలభై ఏళ్లలో ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

వాళ్లు చేసిన యంత్రం గాలికి ఊగి తప్పు లెక్క చూపేది. పాత తక్కెళ్లలో పళ్లెం ఊగకుండా చేసే ఉపాయం అన్నకు తెలుసు. అడుగున చిన్న నూనె గిన్నె పెట్టి, అందులో ఒక రేకు మునిగేట్టు అమర్చాడు. ఊగడం ఆగింది. గ్రాంటు కాగితాల్లో ఆయన పేరు "పరీక్షకుడు" అని మాత్రమే వేశారు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు మండలేదు. "నా బిడ్డ మిషను కదా" అన్నాడు.

ఆయనది రేకుల కప్పు గనుక యంత్రాన్ని నా మిద్దె మీద పెట్టారు. తొంభై రోజుల పరీక్ష. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అన్న మెట్లెక్కి వచ్చేవాడు. పక్కన పెట్టిన మామూలు డబ్బాలోని నీళ్లను తన చేత్తో తూచి ఒక గడిలో, యంత్రం చూపిన లెక్కను ఇంకో గడిలో రాసేవాడు. గాలి ఎక్కువున్న రోజు అంకె పక్కన "గాలి" అని అరవంలో రాసేవాడు. మేం మాట్లాడేది తెలుగే అయినా రాసేది అరవమే.

ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వాన దంచి కొట్టింది. యంత్రంలోకి నీళ్లు దిగాయి. పంతొమ్మిది రోజులు అది అన్న బల్ల మీదే విప్పి పడి ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ యంత్రం గడిలో అన్న అడ్డగీత గీశాడు. బాగుచేసి మళ్లీ పెట్టాక సరిగ్గానే పనిచేసింది. మంచి యంత్రమే, అది ఇప్పటికీ ఒప్పుకుంటాను.

పరీక్ష అయ్యాక దర్శిని తెల్ల కాగితాలు తెచ్చింది. "నీ రాత కొట్టివేతలుగా ఉంది నాయనా. నేను శుద్ధంగా ఎత్తి రాస్తాను, నువ్వు సంతకం పెట్టెయ్" అంది. చూడకుండా సంతకం పెట్టని మనిషి, కూతురు అడిగిందని ఖాళీ కాగితాల మీద పెట్టేశాడు. నేను అక్కడే ఉన్నాను. ముచ్చటేసింది కూడా.

మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, చెన్నై నుంచి అధికారి వచ్చింది, అరవం ఆవిడ. రెండో విడత ఇవ్వాలా వద్దా అని ఆవిడే తేల్చాలి. అన్న గదిలోనే కుర్చీలు వేశారు. నన్నూ పిలిచారు. ఆవిడ కాగితాలు తిరగేసి, "మీ పరీక్ష చాలా నిజాయితీగా ఉందయ్యా. గాలి రోజులు కూడా గుర్తు పెట్టారు" అంది. ఆ మాటకు మురిసిపోతూ అన్న కళ్లద్దాలు పెట్టుకుని కాగితం తీసుకున్నాడు.

చదివేకొద్దీ మొహం వాడిపోయింది. అడ్డగీతలు లేవు. పంతొమ్మిది గడుల్లోనూ అంకెలున్నాయి. ఆయన చేత్తో తూచినదానికి ఒకరోజు కాస్త ఎక్కువ, ఒకరోజు కాస్త తక్కువ. నాలుగుచోట్ల "గాలి" అని కూడా ఉంది. ఆయన అంకెలు ఎలా నడుస్తాయో బల్ల పక్కన పెరిగిన పిల్లకు తప్ప ఇంకెవరికి తెలుసు? అల్లుడి పని అయితే అంత బాధ ఉండేది కాదు.

"అమ్మా, సంతకం నాది. ఈ లెక్క నాది కాదు" అన్నాడు అధికారితో అరవంలో. "ఆ రోజుల్లో మిషను ఇక్కడ విప్పి పెట్టి ఉండె."

యువనేశ్ తల దించుకున్నాడు. దర్శిని దించుకోలేదు. నవ్వింది.

"నాయనకు పోయిన ఏటి నుంచి మరుపు మేడం. మాత్రలు ఇస్తా ఉన్నాము" అంది.

అన్న ఆమెను చూశాడు. కోపంగా కాదు, ఎవరో తెలియనట్టు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీ మిద్దె మీదనే కదా ఉన్నింది. నువ్వు చెప్పు వాసూ."

చెప్పాల్సింది ఒక్క ముక్క. కూతురి సంసారం, మనవాళ్ల గుట్టు, పరాయి ఆవిడ ముందు విప్పడమా అనుకున్నాను. మా వాళ్లకు ఈ జబ్బు ముత్తాతల నాటిది. ఊరు అరవం, ఇల్లు తెలుగు. ఇంటి మాట వాకిలి దాటకూడదు.

"నాకు గుర్తు లేదన్నా" అన్నాను.

ఆవిడ జాలిగా తల ఊపి సంతకం చేసింది. రెండో విడత మంజూరైంది.

ఆవిడ కారు కదిలాక అన్న కూతుర్ని ఒకటే అడిగాడు. "నాకు మరుపా?"

"ఇంకేం చెప్పమంటావు నాయనా? నీ మిషను నిలబడాలనే చేసినాను. పంతొమ్మిది రోజులే కదా" అంది. అప్పుడు ఏడ్చింది కూడా. ఆ ఏడుపు నిజమే కావచ్చు. నాకు మాత్రం అసహ్యం వేసింది, ఆమె మీదా, నా మీదా.

మరుపు మాట బజారంతా పాకింది. తక్కెడ తీసుకుపోయినవాళ్లు తమ కొట్టుకు వెళ్లి సొంత రాయి పెట్టి మళ్లీ చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకడైతే ఆయన గడప దగ్గరే చూసుకున్నాడు. అన్న కళ్ల ముందే. దర్శిని వాళ్లు బెంగళూరుకు మారారు. పండక్కి చొక్కా పంచే పంపిస్తే విప్పకుండా అటక మీద పెట్టాడు.

ముద్రల కాలం వచ్చింది. నా తక్కెడ తీసుకుని వెళ్లాను. మొహం చెల్లకపోయినా వెళ్లాను. వేరేచోటికి పోతే ఇంకా పాపం అనిపించింది. అన్న మామూలుగానే సరిచేశాడు. మూడుసార్లు చూశాడు. తర్వాత రాయి నా చేతికిచ్చాడు.

"నువ్వు పెట్టి చదువు వాసూ."

పెట్టాను. "సరిగ్గా అయిదు కిలోలన్నా."

"నిజమా?"

తూకం గురించి ఆయన ఇంకొకరిని అడగడం నేనెన్నడూ వినలేదు.

"నిజమే అన్నా. ఒట్టు."

"నీ మాట నేనెట్ల నమ్మేది?" అన్నాడు, గొంతు పెంచకుండానే. తక్కెడ తిరిగి నా చేతుల్లో పెట్టాడు. కాగితం మీద సంతకం పెట్టలేదు.