అవ్వ దగ్గర పాఠం చెప్పించుకున్న టీచర్

నా చిన్నప్పుడు రెండంటే నాకు ప్రాణం పోయేంత భయం. ఒకటి తెల్లవారకముందే హారన్ కొట్టుకుంటూ వచ్చే తీపెట్టి ఆపీసు బస్సు, రెండోది పొద్దెక్కాక వచ్చే ఇంగ్లీషు పిరియడు. మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. అగ్గిపెట్టెలు చేసే చోటును మా వైపు తీపెట్టి ఆపీసు అనే అంటారు. పేరుకే ఆపీసు, కూర్చునేది నేలమీదే. మా అక్క అప్పటికే ఆ బస్సెక్కి పోయేది. పుల్లలు పేర్చి పేర్చి దాని వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. కూడు కలిపి పెడితే ముద్దలో అగ్గిపుల్లల మందు వాసన వచ్చేది. పక్కింటి అత్త చేతిమీద ఒకసారి మందు భగ్గుమంది. ఆ వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి మళ్ళీ విడిపోలేదు. నాకు కలలో ఆ చెయ్యే కనబడేది.

ఇక ఇంగ్లీషు సంగతి. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగుకు అక్షరాలుంటాయని కూడా మాకు తెలియదు. అది ఒక భాషే కాదని, పాలిచ్చే ఎనుమును అదిలించడానికీ, కూడు పెట్టమని అడగడానికీ పనికొచ్చే ఇంటి మాట అని అనుకునేవాళ్ళం. బయటివాళ్ళ ముందు నోట వస్తే సిగ్గు. క్లాసులో టీచర్ ఏదో వస్తువు పైకెత్తి ఇదేమిటని అడిగితే, భయంలో నాకు ముందు ఆ ఇంటి మాటే వచ్చేసేది. పిల్లలందరూ గొల్లుమనేవాళ్ళు. ఆ తర్వాత నేను పళ్ళు బిగించి నిలబడడం నేర్చుకున్నాను. ఆ టీచర్ విరుదునగర్ నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసు మనిషి, తమిళమామె. కొట్టేది కాదు. కొట్టినా బాగుండేది, ఏడ్చి కూర్చునేదాన్ని. ఆమె నా నోరు చూస్తూ ఊరికే కాచుకుని నిలబడేది.

మా నాయన చెడ్డవాడు కాదు. వానలు లేవు, అంతే. ఒకనాడు కూటి దగ్గర కూర్చుని నన్ను చూడకుండానే చెప్పాడు. "శుక్కురారం టీచరమ్మ ఇంటికి వస్తాదంట. దీనికి ఇంగిలీసు ఎక్కదు అని ఆయమ్మ ఒక్క మాట అన్నిందంటే సరి, సోమారం నుంచి ఇది కూడా బస్సెక్కాల్సిందే." మా అమ్మ కూటి చట్టిని పక్కకు జరిపింది. అక్క నావైపు చూసి తల దించుకుంది. నేను చేతిలోని ముద్దను మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి నేను గాదె వెనక దూరాను. కాళ్ళమధ్య తల పెట్టుకుని, ఆ ఒక్క మాట ఎప్పుడు అంటుందా అని చెవులు రిక్కించాను. నాయన తమిళంలో రండి రండి అన్నాడు. ఆమె చెప్పులు విప్పిన చప్పుడైంది. కొంచెంసేపటికి ఎవరో మా ఇంటి మాటను విరిచి విరిచి పలుకుతున్నట్టు వినబడింది.

"అవ్వా... నేను... మీ ఇంటికి... వచ్చింది."

చేటలో కందులు చెరుగుతున్న మా అవ్వ చేతులు ఆగిపోయాయి. తర్వాత పగలబడి నవ్వింది. "వచ్చిందంటనే! ఏమి వచ్చిందమ్మా, ఎనుమా?"

టీచర్‌ను చూసి నవ్వితే ఆమె కోపం నామీదే పడుతుంది కదా. గాదె పక్కనుంచి తొంగిచూశాను. ఆమె ముఖం ఎర్రబడిపోయింది. పైపెదవి మీద చెమట. చీర కొంగును వేలికి చుట్టి విప్పి మళ్ళీ చుడుతోంది. పారిపోతుందనుకున్నాను. నేనైతే పారిపోయేదాన్ని. ఆమె మాత్రం నేలమీద మా అవ్వ ఎదురుగా కూర్చుని, చేటను ముట్టి, ఇదేమిటి అన్నట్టు తలెత్తింది.

"చేట," అంది అవ్వ. ఆమె సేట అంది. "సేట కాదు తల్లీ, చేట. నోరు బాగా తెరువు!" అని అవ్వ గద్దించింది. ఆమె మళ్ళీ అంది, మళ్ళీ తప్పింది, మళ్ళీ అంది. అవ్వకు నవ్వు ఆగిపోయింది. "మా మాట నీకెందుకమ్మా? దీన్ని నేర్చుకుంటే ఎవురన్నా పని ఇస్తారా?" అని అడిగింది.

ఆమె తమిళంలో చెప్పిన జవాబు నాకు ఈ రోజుకూ చెవిలో ఉంది. మీ పిల్ల నేను అడిగిన ప్రతిసారీ ఏదో బదులు చెప్పేది, అది నాకు అర్థమయ్యేది కాదు, ఇప్పుడు అదీ మానేసింది, అంది. నాయన గుంజకు ఆనుకుని నిలబడి వింటున్నాడు.

తర్వాత ఆమె నన్ను పిలిచింది. అవ్వ గద్దిస్తోంది, నువ్వు నేర్పు అంది. గాదె వెనకనుంచి వచ్చి కూర్చున్నాను. రోలు చూపించాను. గంప చూపించాను. కోడిని చూపించాను. ఆమె నా వెనకే అనేది, తప్పేది, నేను దిద్దేదాన్ని. దిద్దాక ఆమె దాని ఇంగ్లీషు మాట చెప్పేది, నేనూ అనేదాన్ని. ఇంగ్లీషు పలకడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియలేదు. నాయన దగ్గేసరికి ఉలిక్కిపడ్డాను. దీనికి ఎక్కుతుందా అని ఆయన తమిళంలో అడిగాడు. ఇంతసేపు మీరు విన్నది ఏమిటి అని ఆమె ఎదురడిగింది.

సోమవారం తెల్లవారుజామున హారన్ మోగింది. దుప్పటి కింద బిర్రబిగుసుకుని పడుకున్నాను. ఎవరూ నన్ను లేపలేదు. బస్సు అక్కను మాత్రం ఎక్కించుకుని పోయింది.

నేను పెద్దగా చదివిందేమీ లేదు. ఇంకొన్నేళ్ళు బడికి పోయాను, నాయన పోయాక అదే బస్సు నన్నూ ఎక్కించుకుంది. ఇంగ్లీషు మాటలు గుప్పెడు మిగిలాయి. నన్ను విరుదునగర్‌కే ఇచ్చారు. మా ఆయన చివరి రోజుల్లో పెద్దాసుపత్రిలో పడుకుని నొప్పికి మంచం పట్టీ కొరికేవాడు. డాక్టర్లు వచ్చి వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు వాళ్ళ దారికి అడ్డం నిలబడ్డాను. ఒళ్ళంతా చెమట, కొంగు వేలికి చుట్టుకున్నాను. "సార్, హస్బెండ్ వెరీ పెయిన్, నో స్లీప్, యూ సీ," అన్నాను. వెనకున్న పడుచు డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే నవ్వనీ అని అదే మాట ఇంకోసారి అన్నాను. పెద్దాయన వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వచ్చాడు. ఆ పూట వేసిన సూదికి మా ఆయన చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

భయం నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. అది పోయాక మాట్లాడదామని మాత్రం నేను కాచుకుని కూర్చోను.