సీటు కింద తోలుసంచి

1940ల తొలినాళ్ళలో గౌలిపురలో చిన్న పాల లారీ నడిపేవాణ్ణి. యజమాని మల్లయ్య బాపు నా పక్కన కూర్చునేవాడు. రోజూ పొద్దున్నే ఆసుపత్రికి పాలు చేర్చేవాళ్ళం.

ఆ వానాకాలం లారీలో నా కాళ్ళ దగ్గర నీళ్ళు కారడం మొదలైంది. పైకప్పుకు రెండుసార్లు తారు పూశాను. వాన లేని రోజు కూడా పాదాలు తడిసేసరికి, ఒక పొద్దున బాపు రాకముందే బార్కస్ మెకానిక్ ఖాదర్ భాయ్‌ని పిలిచాను.

"మీదికెల్లి కాదు భాయ్. సీటు లేపు," అన్నాడు.

లేపాను. కింద భిస్తీలు నీళ్ళు మోసే తోలుసంచి, నిండుగా! కుట్టు ఊడి కారుతోంది. రోజూ దారిలో బాపు "పో బిడ్డా, చాయ్ తాగిరా" అని నన్నెందుకు దింపేవాడో అప్పుడు తెలిసింది. అదంతా నా మీద ప్రేమనుకునేవాణ్ణి!

అంతలో బాపు వచ్చాడు. "లొల్లి చెయ్యకు. గిన్ని నీళ్ళతోని ఏమైతది? బండి తియ్యి," అన్నాడు. తీశాను. చాయ్ హోటల్ దగ్గర నేను దిగకపోయినా, నా కళ్ళముందే పాలలో నీళ్ళు పోశాడు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆయా ఎప్పటిలాగే నన్ను అడిగింది. "నీళ్ళు కలపలేదు గదా? పసిపిల్లలు తాగుతరు."

రోజూ సీట్లోంచే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసేవాణ్ణి. ఆ రోజు చెయ్యి లేవలేదు. ఆయా నన్ను, బాపును మార్చి మార్చి చూసి, గేటు మూసేసింది.

అంతకుముందు వేసిన ఒట్లన్నీ ఆ సంచి మీద కూర్చునే వేశానని తలచుకుంటే, ఈ ముసలితనంలోనూ ఒళ్ళు జలదరిస్తుంది.