మల్లె కుండీకి చుట్టిన శుభాకాంక్షలు

మార్చి నెలాఖరు, శుక్రవారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలు. యూనివర్సిటీల తెలుగు డిపార్ట్‌మెంట్ మీటింగ్ హాలు. నేను రాసిన రాతకు ఆ నిమిషం హాలు మొత్తం శవం లేచిన ఇల్లు లెక్క అయింది. ఎట్లయిందో చెప్త. నవ్వేటోళ్ళు నవ్వుకోండ్రి, నాకైతే ఇప్పటికీ చెవులు కాగుతయి.

నా పేరు లచ్చవ్వ. క్యాంపస్ హాస్టల్ మెస్సుల వండి వండి ముసలిదాన్నయిన. చేతికి గంటె తెలుసు, పెన్ను తెలువదు. తెలుగు చెప్పే సరోజ మేడం, కడప దిక్కు మనిషి, నన్ను లచ్చమ్మ అంటది, సాయంత్రం పూట తన క్వార్టర్ వరండాల మా మెస్సు ఆడోళ్ళను కూసోబెట్టి అక్షరాలు నేర్పింది. నాకు అరవై దాటినంక 'అ' వచ్చింది. పక్క క్వార్టర్ల ప్రభాకర్ సార్, ఆయన గూడ అదే డిపార్ట్‌మెంట్, గోడ మీదికెళ్ళి చూసి అనేటోడు:

"ఈ వయసుల వీళ్ళకు చదువెందుకు మేడం? పీహెచ్‌డీ చేస్తరా?"

మేడం అటు సూడకుంటనే నా పలక మీద ఇంకో గీత గీసేది. నేను మాత్రం మనసుల అనుకునేదాన్ని: ఎన్నడన్న ఒకనాడు ఆ సార్ ముంగట నా రాత నిలబడాలె, మేడం కష్టం ఉత్తగ పోలేదని ఆయన కండ్లతో ఆయన చదువుకోవాలె. నా కోరిక అదొక్కటే.

మేడం రిటైరయ్యే దినం వచ్చింది. క్వార్టర్ ఖాళీ చేసి కడపకు పోతది, క్వార్టర్ ముంగట తను పెంచిన తోట గీడనే ఉండిపోతది. వానకాలంల ఆ తోటలనే మల్లె కొమ్మ తెచ్చి, తార్నాకల మా ఫ్లాటు బాల్కనీల కుండీల పెట్టిన. శివరాత్రి అయినంక ఆకు దూసి, కొనలు కత్తిరించి, ఎరువేసిన. నెలాఖరుకు సన్న సన్న మొగ్గలు. తోట మొత్తం మోసుకపోలేదు గద, ఈ ఒక్క కుండీ పోతదని నా ఆలోచన.

"అత్తమ్మా, కింద షాపుల మెరుపు కాయితం దొరుకుతది, తెస్త" అన్నది నా కోడలు సునీత.

"కొన్న కాయితం ఎవలన్న చుడ్తరు. నేను చేస్త."

పోయినేడు క్యాలెండర్ చింపి, వెనుక తెల్లటి దిక్కు పరిచిన. బెండకాయ అడ్డంగ కోసి, బీట్‌రూట్ రసంల ముంచి అద్దితే పువ్వులు పడ్డయి. నడుమ నడుమ పసుపు చుక్కలు. పెండ్లిపందిరి లెక్క తయారైంది.

సునీత ముక్కు దగ్గర పెట్టుకున్నది. "పువ్వులు మంచిగున్నయి గని, కూర వాసన వస్తున్నదత్తమ్మా."

"జిందగీ అంత మెస్సుల ఉన్నదాని గిఫ్టు. గులాబీ వాసన ఏడికెళ్ళి వస్తది?"

ఇగ రాత. తెలుగుల రాసేటప్పుడు ఇంగ్లీషు కలపొద్దని మేడం కట్టడి. మేమంత రిటైర్మెంట్ అనే అంటం. దానికి తెలుగు మాట ఎవలిదో ఫంక్షన్ బ్యానర్ మీద చూసి మనసుల పెట్టుకున్న. ఒత్తు లేదు, సున్న లేదు, ఇదేం లెక్క అనుకున్న. నా భయమంత 'శుభాకాంక్షలు' మీదనే. అందుల 'క్ష' ఉన్నది సూడుండ్రి, అది అక్షరం గాదు, జిలేబీ. ఏడ మొదలువెట్టాల్నో ఏడ ఆపాల్నో తెలువదు. రెండు దినాలు బాల్కనీ బండ మీద సుద్దముక్కతోని జిలేబీలు పోసిన. చేయి కుదిరినంక కాయితం మీద దించిన. పై వరుసల ఆ బ్యానర్ మాట, కింది వరుసల, నట్టనడుమ, శుభాకాంక్షలు.

"ఒకసారి చూపియ్యి అత్తమ్మా, చదివి చూస్త."

"ఎందుకు, నాకు చదువు రాదా?"

"అట్లనలే."

"మరి ఊకో."

కాయితం కుండీ చుట్టు తిప్పి, ఒక కొస మీదికి ఇంకో కొస తెచ్చి, మైదా పిండితోని అంటించిన. పై వరుస మొదటి అక్షరాలు కొన్ని ఆ అతుకు కిందికి పోయినయి. పోతే పోనీ అనుకున్న. నా జిలేబీ కనవడ్తున్నది, నాకదే చాలు. సునీత గూడ ఎంబడి వచ్చింది. ఆటోల కుండీని ఒళ్ళె పెట్టుకోని, బాలింతను తీస్కపోయినట్టు తీస్కపోయిన.

హాలుల మైకు ప్రభాకర్ సార్ చేతిలనే ఉన్నది. ఎవలేం తెచ్చిండ్రో చదివి, మేడం ముంగట పెడ్తున్నడు. మేడం గుండెకు స్టెంట్ ఏసి నెల గూడ కాలేదు, జర మెల్లగ కూసున్నది. నా వంతు వచ్చింది. సార్ కుండీ ఎత్తిండు, కండ్లద్దాలు సర్దుకున్నడు, మైకుల చదివిండు:

"మరణ శుభాకాంక్షలు."

ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. నా పక్కన మెస్సు ఫాతిమా బీ "యా అల్లా" అని గొణిగింది. సునీత తల దించుకున్నది. నేను మెల్లగ ఫాతిమా బీ వెనుకకు జరిగిన.

"అతుకు లేపండి సార్" అన్నది మేడం.

సార్ లేపిండు. కిందికెళ్ళి 'పదవీ వి' బయటపడ్డది. మొత్తం కలిపితే 'పదవీ విమరణ'. విరమణ రాయవోయి ర, మ అటిటు చేసిన. అతుకు కింద 'వి' గూడ దాగేసరికి మిగిలింది చావొక్కటే.

ప్రభాకర్ సార్ నవ్వాపుకున్నడు. "ఇన్నేండ్లు మీరు నేర్పింది ఇదేనా మేడం?"

మేడం నిమ్మళంగ చెప్పింది: "చదవతానే అందరూ గమ్మునయిపోయినారు. ఒక్కరికీ అర్థం చెప్పాల్సిన పని పడలేదు. మన డిపార్ట్‌మెంట్లో ఇంత తేటగా రాసినోళ్ళు ఎవరుండారు సార్?"

అప్పుడు పగిలింది నవ్వు. సార్ గూడ కూలవడి నవ్విండు. మేడం నవ్వలే. తన పెన్ను తీసి నాకిచ్చింది.

"ఎందుకు దాక్కుంటాండావు లచ్చమ్మా? తప్పు నీదే, దిద్దేది నువ్వే. రా."

అంతమంది ముంగట, మేడం బల్ల మీద వంగి కొట్టేసిన. ర ముందు, మ వెనుక, మళ్ళ రాసిన. ప్రభాకర్ సార్ మైకు దించి, నా రాత అయ్యేదాక నిలబడ్డడు. అయినంక మెల్లగ చదివిండు: "పదవీ విరమణ శుభాకాంక్షలు."

ఇగ నా ఒట్టు వినుండ్రి. గుండ్రటి సామానుకు చుట్టే కాయితం మీద ఈ జన్మల అక్షరం రాయ. రాసిన్నే అనుకోండ్రి, సునీత చదివినంకనే మైదా కలుపుత. స్టెంట్ ఏసినోళ్ళకైతే మొక్క ఒక్కటే ఇచ్చి, నోటితోనే మంచిమాట చెప్పి, దండం పెట్టి వస్త.

ఆ దినం హాలుల ఉన్నోళ్ళు: సరోజ మేడం, ప్రభాకర్ సార్, పేర్లు తెలువని సార్లు మేడంలు, నాతోని పలక పట్టిన ఫాతిమా బీ, మరియమ్మ, నా కోడలు సునీత. ఇగ లచ్చవ్వ, అంటే నేను. ఈ పేర్లన్ని సునీత చదివి, మంచిగున్నయన్నది.